నేల కుంగుతుందని ముందుగా తెలియాల్సింది ఎవరికి?

ఆమె ఇంటి వంటగది గోడ మీద నాలుగు బొగ్గు గీతలున్నాయి. గోడ అడుగు నుంచి పైకి పాకుతున్న పగులు ఎప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు కోసం గీసుకున్నవి. మొదటిది బతుకమ్మ పండక్కి, రెండోది సంక్రాంతికి, మూడోది ఉగాదికి, నాలుగోది బోనాలకి. మొదటి రెండు గీతల మధ్య జానెడు దూరం. చివరి రెండింటి మధ్య మూరెడు. చదువు రాని ఆ మనిషి, తన కాళ్ల కింద నేల ఏ వేగంతో కదులుతోందో తనకు తెలిసిన పద్ధతిలో లెక్క కట్టుకుంది.

అది మన బొగ్గు ప్రాంతంలో ఒక ఊరు. ఊరి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. మాతో మాట్లాడటానికి అక్కడి ఆడవాళ్లు పెట్టిన షరతు అది. ఇళ్ల కింద బొగ్గుబాయి ఉందని అందరికీ తెలుసు. ఇప్పుడు ఏ వైపు తవ్వుతున్నారో, ఎంత లోతున తవ్వుతున్నారో ఎవరికీ తెలియదు. గీతలు చూపించిన పెద్దమ్మ మేము లేచి వస్తుంటే చెయ్యి పట్టుకుని, "ఈ ముచ్చట ఆఫీసుల చెప్పకు బిడ్డా. గోడ పగిలిందంటే ఇల్లు ఖాళీ జెయ్యమంటరు. ఇల్లు మా బావ పేర ఉన్నది. నాకేమిస్తరు?" అంది. ఆమె భర్త పోయి పదకొండేళ్లయింది.

ఆ తర్వాత రెండు వారాలకి హైదరాబాదులో ఒక సదస్సుకి వెళ్లాను. ఒక యువ పరిశోధకుడు తెర మీద రంగుల పటం చూపిస్తున్నాడు. బొగ్గు గనుల పైన నేల ఎక్కడ ఎంత కుంగిందో ఉపగ్రహ రాడార్‌తో కొలిచి, వచ్చే నెలల్లో ఎంత కుంగబోతుందో కంప్యూటర్ చేత చెప్పిస్తున్న పటం. నీలం అంటే కదలని చోటు, ఎరుపు అంటే కుంగుతున్న చోటు. పని శ్రద్ధగా చేశాడు. ప్రశ్నలడగమన్నప్పుడు, ఈ పటం ఆ ఎర్రటి చోట ఉంటున్నవాళ్లకి చేరుతుందా అని అడిగాను. "అది మా పరిధిలో లేదు మేడం. నివేదిక అడిగిన వాళ్లకి ఇస్తాం" అన్నాడు, మర్యాదగానే. అడిగేది ఎవరో ఆ హాల్లో అందరికీ తెలుసు.

ఒకచోట గోడ మీద బొగ్గు గీతలు, మరోచోట తెర మీద ఎర్ర చుక్కలు. రెండూ చెప్పేది ఒకే విషయం. అయితే ఒకటి భయం వల్ల దాగుతోంది, రెండోది అధికారం వల్ల దాగుతోంది. ఈ విద్యని అర్థం చేసుకోకుండా మనం హక్కుల గురించి మాట్లాడలేమని నాకప్పుడు అనిపించింది. అందుకే ముందు దాని గురించి నాలుగు మాటలు.

భూగర్భ గనిలో బొగ్గు పొరని గదులు గదులుగా తవ్వుతూ, పైకప్పు పడిపోకుండా మధ్యలో బొగ్గు స్తంభాలు వదులుతారు. కొన్నాళ్లకి వెనక్కి వస్తూ ఆ స్తంభాలు కూడా తీస్తారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపాలి, లేదా పైకప్పుని కూలనివ్వాలి. ఇసుక నింపితే పైన నేల కుంగడం చాలా తగ్గుతుంది. కానీ అది ఖర్చుతో కూడిన పని. కూలనిస్తే రాతి పొరలు ఒకదాని మీద ఒకటి వంగి, పగిలి, ఆ కదలిక నేల పైదాకా వస్తుంది. కింద తవ్విన మేరకే పైన కుంగుతుందని అనుకోకూడదు. చుట్టూ ఇంకా ఎక్కువ మేర సాగుతుంది. అంటే, "మీ ఇంటి కింద మేము తవ్వలేదు" అనే మాట నిజమైనా, ఆ ఇంటి గోడ పగలొచ్చు.

ఈ కదలికని ఆకాశం నుంచి ఎలా కొలుస్తారు? గుమ్మానికి ఆనించి పిల్లల ఎత్తుకి గీత గీస్తాం కదా, అలాంటిదే. ఉపగ్రహం నేల మీదకి రేడియో తరంగాన్ని పంపి, అది తిరిగొచ్చిన తీరుని రాసిపెట్టుకుంటుంది. కొన్ని రోజులకి అదే దారిలో వచ్చి మళ్లీ పంపుతుంది. రెండుసార్లూ తిరిగొచ్చిన తరంగాలని పోల్చితే, ఈ మధ్యలో నేల ఉపగ్రహానికి ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది. ఐరోపా వాళ్లు 2014లో ప్రయోగించిన సెంటినెల్-1 ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలోకి వస్తుంది. దాని తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. ఆ తరంగంలో వచ్చే చిన్న తేడాని పట్టుకోగలరు కాబట్టి, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కదలికని కూడా లెక్క కట్టగలుగుతున్నారు. రాత్రయినా, మబ్బు పట్టినా రాడార్‌కి అడ్డు లేదు. ఈ కొలతలు డబ్బు కట్టకుండా ఎవరైనా తీసుకోవచ్చు.

జరిగినదాన్ని కొలవడం ఇది. జరగబోయేదాన్ని చెప్పడానికి మెషీన్ లెర్నింగ్ అనే పద్ధతి వాడుతున్నారు. ఇంతకుముందు ఎక్కడ ఎంత కుంగింది, అక్కడ బొగ్గు ఎంత లోతున ఉంది, పొర ఎంత మందం, ఎంత మేర తీశారు, పైన ఎలాంటి రాయి ఉంది అనే వివరాలని వేల ఉదాహరణలుగా కంప్యూటర్‌కి ఇస్తారు. ఏది ఉంటే ఏది జరుగుతుందో అది తనంతట తానే పట్టుకుంటుంది. అత్తగారు కొలతలు చెప్పకపోయినా, చూసి చూసి ఆ ఇంటి వంట పట్టుకునే కోడలి లాంటిది ఈ యంత్రం. ఆ ఇంట్లో ఎన్నడూ వండనిది మాత్రం దానికి రాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యంత్రం చూడనిదేమిటి? చూపించనిదేమిటి?

మొదటిది, రాడార్‌కి అన్ని ఇళ్లూ ఒక్కలా కనబడవు. కాంక్రీటు కప్పులు, రోడ్లు, బండరాళ్లు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి నుంచి గట్టి జవాబు వస్తుంది. వరి చేలు, అడవి, పూరి కప్పులు అలా కాదు. ఆకు కదిలినా, పంట ఎదిగినా, కప్పు మార్చినా సంకేతం చెదిరిపోతుంది. పొట్టి తరంగంతో చూసే ఉపగ్రహాలకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కాబట్టి పటంలో అధికారుల క్వార్టర్లు చుక్కలు చుక్కలుగా స్పష్టంగా కనిపిస్తాయి. గూడెం, కౌలు చేను, అడవి అంచున ఉన్న గుడిసె ఖాళీగా మిగులుతాయి. పటం మీద ఖాళీ అంటే అక్కడ ప్రమాదం లేదని అర్థం కాదు. మనకి తెలియదని అర్థం. ఈ రెండింటికీ తేడా చెప్పకుండా పటం చేతికిస్తే, పేదవాళ్ల నేల పటంలోంచి కూడా తప్పిపోతుంది.

రెండోది, ప్రాణాలు తీసేది నెమ్మదిగా కుంగే నేల ఒక్కటే కాదు. ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గనుల్లో స్తంభాలు ఏళ్లకేళ్లు నిలబడి, ఒకరోజు కూలిపోతాయి. పైన ఉన్నట్టుండి బుంగ పడుతుంది. ముందుగా కదలిక లేకపోతే రాడార్ కొలిచేదేముంటుంది? ఉపగ్రహం ఒకసారి వచ్చి మళ్లీ వచ్చేలోగా నేల మరీ ఎక్కువ కదిలినా కొలత చెడిపోతుంది. పైగా ఇలాంటి పరిశోధనలు ఎక్కువగా జరిగినవి చైనా, పోలండ్ వంటి చోట్ల, పెద్ద యంత్రాలతో బొగ్గు పొరని వరసగా తీసుకుపోయే గనుల మీద. అక్కడ నేల పళ్లెంలా, ఒక క్రమంలో కుంగుతుంది. గదులు, స్తంభాలుగా తవ్విన మన పాత గనుల తీరు వేరు. అక్కడ నేర్చుకున్న యంత్రం ఇక్కడ తడబడదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మూడోది, కింద ఏముందో చెప్పే గని పటాలు అన్నిచోట్లా లేవు. ఝరియా, రాణీగంజ్ ప్రాంతాల్లో 1970ల మొదట్లో గనుల జాతీయకరణ జరగకముందు ప్రైవేటు యజమానులు ఇష్టానుసారం తవ్వి, చాలాచోట్ల సరైన పటాలు లేకుండానే వదిలేశారు. లేని కాగితాన్ని ఏ యంత్రమూ చదవలేదు.

అయితే ఆ గనుల్లోపల ఏముందో తెలిసినవాళ్లలో ఒకప్పుడు ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఝరియాలో భార్యాభర్తలు కలిసి దిగి, అతను బొగ్గు నరికితే ఆమె తట్టలకెత్తి మోసేది. 1929 నిబంధనలతో మొదలుపెట్టి 1930లు ముగిసేసరికి ఆడవాళ్లని భూగర్భం నుంచి పంపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరమై 1943లో మళ్లీ దించారు, 1946లో మళ్లీ పంపేశారు. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనుల కోసం పగటిపూట లోపలికి వెళ్లడానికి 2019లో అనుమతి వచ్చింది. రక్షణ పేరుతో ఆడవాళ్లని గని లోపలి నుంచి తప్పించారు. కానీ గని మీద కాపురం ఉండటం నుంచి ఎవరూ తప్పించలేదు. కింద ఏముందో తెలిసే అవకాశం పోయింది, పైన జరిగేదాన్ని భరించే బాధ్యత మిగిలింది.

ఆ భరించేటప్పుడే వాళ్లకి చాలా తెలుస్తుంది. తలుపు నిన్నటిలా పడటం లేదని, బావిలో నీరు ఒక్క వారంలో దిగిపోయిందని, పొలం గట్టు మీద కొత్త నెర్రె వచ్చిందని, పొద్దస్తమానం ఇంట్లో, చేలో ఉండేవాళ్లు చూస్తారు. ఆ కబుర్లు చేదబావి దగ్గర చెప్పుకుంటారు. అవి ఏ రికార్డులోకీ వెళ్లవు. రికార్డులోకి వెళ్లనిది యంత్రం పాఠంలోకీ వెళ్లదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆడవాళ్ల అనుభవమే అసలైన జ్ఞానమనీ, యంత్రాలన్నీ మగవాళ్ల కుట్ర అనీ అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. పగులు కనబడేసరికి ఇంటికి నష్టం జరిగిపోయింది. అంతకుముందే నేల కదలడాన్ని రాడార్ పట్టుకోగలదు. ఆ పెద్దమ్మ గీతలకి ఆ శక్తి లేదు. మన సంఘాల్లో సాంకేతిక విషయం రాగానే, "అది నిపుణులు చూసుకుంటారు" అని పక్కకి జరిగే అలవాటుంది. ఆ అలవాటు వల్లే పటం ఎవరి చేతికి వెళ్లాలో కూడా నిపుణులే తేలుస్తున్నారు.

పటం తయారైనంత మాత్రాన ప్రజలకి అందదని చెప్పడానికి ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ ఉదాహరణ చాలు. అక్కడిది గని కాదు, కొండ వాలు మీది పట్టణం. కానీ నేల కుంగిన కథే. 2022 డిసెంబర్ 27కీ 2023 జనవరి 8కీ మధ్య 12 రోజుల్లో ఆ నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో లెక్క కట్టి ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ నివేదిక వెబ్‌సైట్ నుంచి మాయమైంది. పత్రికలతో మాట్లాడవద్దని, సామాజిక మాధ్యమాల్లో వివరాలు పెట్టవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆయా సంస్థలకి రాసింది. జనం గందరగోళపడతారన్నది చెప్పిన కారణం. శాస్త్రీయ సంస్థల నివేదికలని ఎందుకు దాచారని ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ప్రశ్నించాకే అవి బయటికి వచ్చాయి. ఇల్లు పగిలి రోడ్డు మీద పడుకున్నవాళ్లని ఇంకా గందరగోళపరిచేదేమిటో నాకర్థం కాలేదు.

మరి పటం చేతికొచ్చిందనుకుందాం. అప్పుడైనా పెద్దమ్మ భయం తీరుతుందా? తీరదు. ఆమె భయం నేల గురించి కాదు, ఆ కబురు తర్వాత జరిగేదాని గురించి. ఝరియాలో జరిగింది చూడండి. అక్కడ భూగర్భంలో మంటల్ని 1916లో గుర్తించారు. మంటలు, కుంగుబాటు ఉన్న ప్రాంతాల జనాన్ని తరలించడానికి 2009లో కేంద్రం ఒక మాస్టర్ ప్లాన్ ఆమోదించింది. రాణీగంజ్‌తో కలిపి దాని అంచనా రూ.7,112 కోట్లు. గడువు 2021లో ముగిసింది. 2025 జూన్‌లో ఝరియాకి రూ.5,940 కోట్లతో సవరించిన ప్లాన్ వచ్చింది. వందేళ్లు దాటినా ఆ జనం ఇంకా తరలుతూనే ఉన్నారు.

ఆ ప్రణాళికల భాషలో మనుషులు రెండు రకాలు: చట్టబద్ధ హక్కుదారులు, హక్కు పత్రం లేనివాళ్లు. ఎన్నో తరాలుగా అక్కడే ఉన్నా కాగితం లేకపోతే రెండో రకమే. ఇంటి కాగితం మీద ఆడవాళ్ల పేరు ఎంత అరుదో మనకి వేరే చెప్పాలా? అంటే చాలామంది ఆడవాళ్లు సొంత కుటుంబంలో కూడా రెండో రకమే. వాళ్ల కోసం కట్టిన బెల్గడియా కాలనీకి వెళ్లినవాళ్లు ఇల్లుంది గానీ పని లేదని మొత్తుకున్నారు. బొగ్గు ఏరి, తట్టలో మోసి అమ్ముకుని బతికే ఆడవాళ్లకి బొగ్గుకి దూరమవడమంటే కూలికి దూరమవడమే. సవరించిన ప్లాన్‌లో కాగితం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ లక్ష రూపాయల జీవనోపాధి సాయం పెట్టారు, మూడు లక్షల దాకా రుణానికి దారి చూపించారు. ఇది మంచి మార్పే. కానీ ఆ లక్ష కుటుంబంలో ఎవరి చేతికి వస్తుందన్నది మిగిలే ఉంది.

2013 భూసేకరణ చట్టంలో ఒక మంచి వాక్యముంది. వితంతువుల్ని, విడాకులు పొందినవాళ్లని, కుటుంబం వదిలేసిన ఆడవాళ్లని వేరే కుటుంబాలుగా లెక్కించాలని అది చెప్తోంది. ఆ వాక్యం వెనక ఎన్నో ఏళ్ల స్త్రీల పోరాటముంది. కానీ భూమిని సేకరించినప్పుడే ఆ చట్టం కదులుతుంది. నేలని ఎవరూ తీసుకోకుండానే అది కుంగిపోతే? కాగితం మీద పొలం పొలంగానే ఉంటుంది, నీళ్లు నిలవవు. ఇల్లు ఇల్లుగానే ఉంటుంది, పడుకోవడానికి పనికిరాదు. సేకరణ జరగని ఈ నష్టానికి వేరే కుటుంబం అనే ఆ గుర్తింపు వర్తించదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ముందుగా హెచ్చరిక పొందడం హక్కు కావాలి. ఆ హెచ్చరిక ఇల్లు ఖాళీ చేయించే నోటీసుగా మారకుండా కట్టడి ఉండాలి. ఈ హక్కు కాగితంలో ఏముండాలో చెప్తాను.

స్తంభాలు తీయడం మొదలుపెట్టకముందే, ఆ పని వల్ల నేల ఎక్కడ ఎంత కుంగవచ్చో చూపే పటం తెలుగులో, ఇంటి నంబర్లతో, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి. పటంలో ఖాళీలుంటే అవి "తెలియని చోట్లు" అని రాయాలి. గ్రామసభలోనూ, మహిళా సంఘాల సమావేశంలోనూ దాన్ని చదివి వినిపించాలి.

నివాసమే హక్కుకి ఆధారం కావాలి. ఎవరి పేర పాసుపుస్తకం ఉందన్నది తర్వాతి సంగతి. ప్రమాదమని తేలిన ఇంట్లో ఉండే ఒంటరి ఆడవాళ్లని వేరే కుటుంబాలుగా గుర్తించి, ఇల్లూ బతుకుదెరువూ చూపించాకే ఖాళీ చేయమని అడగాలి.

రుజువు భారం తిరగబడాలి. మన దగ్గర గోడ పగిలితే అది గని వల్లేనని ఇంటివాళ్లు రుజువు చేసుకోవాలి. "కట్టడమే నాసిరకం" అనే జవాబు వినని బస్తీ ఉండదు. బ్రిటన్‌లో 1991 నాటి బొగ్గు గనుల కుంగుబాటు చట్టం ప్రకారం, నష్టం తీరు చూస్తే గని వల్ల అయివుండొచ్చని అనిపిస్తే చాలు, కాదని రుజువు చేయాల్సింది గని సంస్థే. మనకి ఎన్నో చట్టాలిచ్చిపోయినవాళ్లు తమ ఇంట్లో చేసుకున్న ఈ చట్టాన్ని మన పాలకులు ఎందుకు చూడరు?

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని 2005 సమాచార హక్కు చట్టంలోని 7వ సెక్షన్ అంటోంది. ఇంటి కింద ఎప్పుడు ఏ మేర బొగ్గు తీస్తారు, కుంగుబాటు అంచనా ఏమిటి అని ఆ సెక్షన్ పేరుతో అడగాలి. సులభంగా ఒప్పుకోరు, అయినా అడగాలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం సుమారు 24 సెంటీమీటర్ల పొడవు తరంగంతో కూడా చూస్తుంది. పొడుగు తరంగం ఆకుల్ని దాటి నేలని మెరుగ్గా చూడగలదు కాబట్టి, ఇన్నాళ్లూ పటంలో ఖాళీగా ఉన్న చేలు, అడవి అంచులు కొంతైనా తేటపడవచ్చు. ఆ కొలతలు అందరికీ ఉచితమన్నారు. వాటిని చదవగల విద్యార్థులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, ఆడపిల్లలు కూడా. వాళ్లని మన ఊళ్లకి పిలుద్దాం. ఊళ్లో మనం చేయాల్సింది కూడా ఉంది. ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టి, ఎవరింట్లో ఏ తేదీన పగులు ఎంత, బావిలో నీరు ఎంత అని రాయాలి. శాస్త్రవేత్తలకి తమ లెక్క నిజమో కాదో సరిచూసుకోవడానికి నేల మీది కొలతలు కావాలి. అవి మన దగ్గర ఉంటే, సదస్సులో ప్రశ్న అడిగేవాళ్లుగా కాక, పటం గీసేవాళ్లలో ఒకరిగా కూర్చుంటాం.

ఆ పెద్దమ్మకి ఇచ్చిన మాట తప్పలేదు. ఆమె గోడ గురించి ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. కానీ ఆ మాట నిలబెట్టుకున్నందుకు నాకు రాత్రులు నిద్ర సరిగా పట్టడం లేదు. ఆ గోడ కింద ఆమె, ఆమె మనవరాలు పడుకుంటారు. చెప్తే ఇల్లు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోవచ్చు అనే స్థితిలో ఒక మనిషిని నిలబెట్టి, ఎంత గొప్ప పటం గీస్తే మాత్రం ఏం లాభం? "చెప్పకు బిడ్డా" అని ఆమె అనాల్సిన అవసరం లేకుండా చేయడం యంత్రం పని కాదు. అది మన పని.